ఇంట్లో కట్టిన విమానానికి బెంగళూరు ఆకాశంలో చోటు ఉండాలా?

హిందూపురం చందు · శనివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక మెషీన్ టూల్స్ కంపెనీలో డిజైనర్‌ని. మేం నలుగురు స్నేహితులం కలిసి హోస్కోటె దాటాక ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాం. రెండు సీట్ల విమానం కిట్, అంటే బిగించుకోవడానికి విడిభాగాలుగా వచ్చేది, తెప్పించి, శని ఆదివారాల్లో మా చేతులతో కట్టాలని ఆశ. ముందుగా తోక భాగం ఒక్కటే తెప్పించాం. కిట్ విమానాలు కట్టేవాళ్లలో చాలామంది తోకతోనే మొదలుపెడతారు. చిన్న భాగం కాబట్టి తప్పు జరిగినా నష్టం తక్కువ. ఈ పనికి మన చేయి ఒదుగుతుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

పోయిన ఆదివారం మా మామగారు షెడ్డు చూడటానికి వచ్చారు. అల్యూమినియం రేకులు, రివెట్ కొట్టేదాకా రేకులను పట్టి ఉంచే వెండి రంగు క్లెకోలు, గోడకు అంటించిన డ్రాయింగులు అన్నీ ఓపిగ్గా చూశారు. వెళ్లేటప్పుడు మెల్లగా, "నీ ప్రాణం సంగతి నువ్వు చూసుకుంటావు బాబూ. ఇది ఎవరి ఇంటి మీదో పడితే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో ఒక నియమం ఉంది. విమానంలో సగానికి పైగా పనిని నేర్చుకోవడానికో సరదాకో సొంతంగా చేశామని చూపిస్తే, దాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్' అనే వర్గంలో ఎగరనిస్తారు. కట్టేవాళ్లు దీన్ని 51 శాతం నియమం అంటారు. ఫ్యాక్టరీ విమానానికి కావలసిన పెద్ద సర్టిఫికెట్ దీనికి అక్కర్లేదు. మన దగ్గర కూడా అలాంటి తెరిచిన దారి ఉండాలా? లేక ఫ్యాక్టరీలో తయారై సర్టిఫికెట్ పొందినవే ఎగరాలా? నాకైతే ఉండాలనే ఉంది. కానీ కోరిక ఉన్నవాడి మాట ఒక్కటే విని నిర్ణయించే విషయం కాదిది.

ఇందిరానగర్ రామ్మూర్తి · శనివారం రాత్రి 11:15

చందు బాబూ, నువ్వు అడిగిన తీరు నచ్చింది. అయినా నా జవాబు వద్దు అనే.

నేను 34 ఏళ్లు విమానాల తనిఖీ పనిలో ఉండి రిటైరయ్యాను. మా పనిలో ఒక పద్ధతి ఉంటుంది. రివెట్ కొట్టేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు. చూసినవాడు కాగితం మీద తన నంబరున్న స్టాంపు వేస్తాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ రెక్కలో పగులు కనిపిస్తే, ఆ స్టాంపు ఎవరిదో వెతికి పట్టుకోవచ్చు. నా తొలి రోజుల్లో ఒక మరమ్మతుల షెడ్డులో నేను స్టాంపు వేసిన రెక్కలోనే చిన్న స్పానర్ ఒకటి ఉండిపోయింది. మూడోవాడు కదిపి చూసినప్పుడు లోపల గలగలమంది కాబట్టి దొరికింది. నేను రెండుసార్లు చూశానని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ని. అంత నమ్మకంగా తప్పు చేశాను. ఇంట్లో కట్టేవాడికి ఆ మూడోవాడు ఎక్కడి నుంచి వస్తాడు?

చరిత్ర కూడా ఒకసారి చూడు. 1930ల్లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే అనే ఆయన హెచ్‌ఎం-14 అని ఒక బుల్లి విమానం తయారు చేశాడు. 1934లో దాన్ని ఎలా కట్టుకోవాలో పుస్తకం రాశాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'ఫ్లయింగ్ ఫ్లీ', అంటే ఎగిరే మిణ్ణల్లి అన్నారు. చెక్క, గుడ్డ, చిన్న ఇంజిన్. వడ్రంగం తెలిస్తే చాలన్నట్టు బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో వందలమంది కట్టడం మొదలుపెట్టారు. ముందు రెక్క, వెనక రెక్క దగ్గరదగ్గరగా ఉంటాయి. ముందు రెక్కనే పైకీ కిందికీ వంచి ముక్కు లేపాలి. ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే ఆ రెండు రెక్కల మధ్య గాలి నడక మారిపోయి, పైలట్ చేతిలోని స్టిక్ ఎంత లాగినా ముక్కు లేవదు. లాగేకొద్దీ ఇంకా వంగుతుంది. కొందరు చనిపోయాక ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలో, ఫ్రాన్స్‌లో షాలే మ్యూదోన్‌లో పూర్తి సైజు విమానాన్ని విండ్ టన్నెల్లో, అంటే గాలిని వేగంగా తోసే సొరంగంలో పెట్టి చూస్తేగానీ ఆ సంగతి తేలలేదు. 1936లో నిషేధించారు.

కట్టినవాళ్లలో మంచి పనివాళ్లు లేరా? ఉన్నారు. గాలి లోపల ఏం చేస్తుందో మంచి పనివాడికి కూడా కనిపించదు. పైగా 2009 మార్చిలో బిడది దగ్గర సారస్ పరీక్షా విమానం కూలి ముగ్గురు పోయారు. వాళ్లు ఈ దేశంలోని బాగా శిక్షణ పొందిన పరీక్షా సిబ్బంది. వాళ్లకే తప్పనిది హోస్కోటె షెడ్డులో తప్పుతుందా?

కోరమంగళ శైలజ · ఆదివారం ఉదయం 7:30

మా ఇల్లు ఒకప్పుడు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌కి దగ్గర. చిన్నప్పుడు అక్కడ చుట్టూ పొలాలు, చెరువు. ఇప్పుడు అన్నీ అపార్ట్‌మెంట్లే. ఇంజిన్ ఆగితే దిగడానికి ఖాళీ నేల ఏది?

ఇంకో మాట అడగాలి, చందు గారూ. ఇది ఎవరి సరదా? కోటి రూపాయల లెక్కలో ఖర్చు పెట్టగలిగినవాళ్లది. కింద నడిచేవాళ్లకు ఆ సరదాలో వాటా లేదు, ప్రమాదంలో మాత్రం ఉంది. నియమం సులభం చేయాలనేవాళ్లు ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి.

హిల్స్‌బరో నుంచి వచ్చిన వేణు · ఆదివారం మధ్యాహ్నం 1:05

రామ్మూర్తి గారూ, శైలజ గారూ, మీ ఇద్దరి మాటా నాకు తగిలింది. నేను కట్టినవాణ్ని కాబట్టి నా వైపు సంగతి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

ఆరెగాన్‌లో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లలో ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల కిట్ విమానం కట్టాను. ఆ కిట్లు తయారుచేసే వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అదే రాష్ట్రంలో ఉంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజినీరు 1970ల మొదట్లో తన కోసం కట్టుకున్న ఒక్క సీటు ఆర్‌వీ-3తో మొదలైన కంపెనీ. ఇప్పటికి ఆ డిజైన్లతో ఇళ్లల్లో కట్టి ఎగిరినవి 11 వేలకు పైగా ఉన్నాయి. ఎవరో నలుగురు పిచ్చివాళ్ల పని అనుకోకుండా ఈ సంఖ్య గుర్తు పెట్టుకోండి.

అసలు విమానం పుట్టిందే ఇంట్లో పనిగా. రైట్ సోదరులు డేటన్‌లో సైకిళ్ల దుకాణం వెనక కట్టారు. ఇంజిన్ చేసింది వాళ్ల దుకాణం మెకానిక్ చార్లీ టేలర్. బ్రెజిల్ నుంచి పారిస్ వచ్చిన శాంటోస్ డ్యూమాంట్ తన వెదురు విమానం డెమ్వాజెల్ డిజైన్‌ను ఎవరైనా కట్టుకోండని వదిలేశాడు. 1910లో ఒక అమెరికన్ మాసపత్రిక ఆ డ్రాయింగులు అచ్చేసింది. 1929లో మినెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిన్‌ను చెక్క విమానానికి బిగించి ఎగిరాడు. ఆర్థిక మాంద్యం ముంచుకొస్తున్న కాలం అది. విమానం ఇంజిన్ కొనే స్తోమత రైతుకు లేదు, పాత ఫోర్డ్ కారు మాత్రం ఊరూరా ఉంది. శైలజ గారు సరదా ఎవరిదని అడిగారు కదా. ఆ రోజుల్లో కట్టడం డబ్బులేనివాడి దారి. కొనలేనివాడే కట్టేవాడు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1953లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీ ప్రాంతంలో పాల్ పొబెరెజ్నీ కొద్దిమందితో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. చాలా ఏళ్లు ఆయన ఇంటి బేస్‌మెంటే దాని ఆఫీసు. ఆ సంఘం ఏటా జూలైలో పెట్టే పండుగ 1970 నుంచి ఆష్‌కోష్‌లో జరుగుతోంది. నేను రెండుసార్లు వెళ్లాను. అక్కడ ఒక అరవై ఏళ్ల ఆవిడ తన విమానం రెక్క కింద గొడుగు వేసుకుని కూర్చుని, ఎవరు వచ్చి అడిగినా ఏ రివెట్ ఎక్కడ తప్పు కొట్టిందో చూపిస్తూ ఉంది. దాచుకోలేదు. ఆ దృశ్యం నన్ను వదల్లేదు.

కిట్లు ఎందుకు పెరిగాయంటారా? కోర్టు కేసుల భారంతో అమెరికాలో చిన్న ఫ్యాక్టరీ విమానాల తయారీ కుప్పకూలింది. సెస్నా 1986లో తన చిన్న పిస్టన్ విమానాలను ఆపేసింది. మళ్లీ మొదలైంది 1994లో చట్టం మారాకే. ఆ ఖాళీని కిట్లు నింపాయి. 1977లో ఫ్రాంక్ క్రిస్టెన్‌సెన్ తన ఈగిల్ కిట్‌ను భాగాలవారీగా, వివరమైన మాన్యువళ్లతో అమ్మి కొత్త దారి చూపాడు. అంతకుముందు డ్రాయింగ్ కొనుక్కుని, రేకులు మనమే వెతుక్కుని, రంధ్రాలు మనమే వేసుకోవాలి. ఇప్పుడు మెషీన్ ముందే రంధ్రాలు వేసి పంపుతుంది. రెండు రేకుల రంధ్రాలు కలిస్తే రెక్క వంకర లేకుండా వచ్చినట్టే.

నాకు ఇందులో ఏం దొరికింది? రోజంతా స్క్రీన్ మీద పని. సాయంత్రం గ్యారేజీలో రెండు గంటలు. నా భార్య రివెట్ వెనక బకింగ్ బార్ అనే ఇనుప దిమ్మె ఆనించి పట్టుకునేది, నేను ముందు నుంచి రివెట్ గన్ కొట్టేవాణ్ని. ఒక్కో రివెట్ కొట్టాక ఇద్దరం వంగి చూసేవాళ్లం. ఆ ఆరేళ్లలో మేం మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. 2016లో మొదటిసారి నేల వదిలినప్పుడు కాళ్ల కింద ఉన్న ప్రతి రేకు నాకు పేరు పెట్టి తెలుసు.

అడయార్ కృష్ణవేణి · ఆదివారం మధ్యాహ్నం 2:40

వేణు గారి చరిత్రలో మన మద్రాసు లేదు, చేరుస్తున్నాను. మౌంట్ రోడ్డు మీద హోటల్ నడిపిన జాకమో డాంజెలిస్ అనే కోర్సికా ఆయన, తన సొంత డిజైన్‌తో సింప్సన్ కంపెనీ వాళ్ల చేత విమానం కట్టించి 1910 మార్చిలో ఎగిరాడు. పల్లావరంలో పరీక్షించి, తర్వాత ఐలాండ్ గ్రౌండ్స్‌లో జనానికి చూపించాడు. సింప్సన్ వాళ్లు అప్పటికి గుర్రపు బగ్గీలు, కార్ల బాడీలు చేసేవాళ్లు. బగ్గీ వడ్రంగి చేతులే విమానం చేశాయి. ఈ దేశంలో ఈ కథ అలా మొదలైంది. పరాయి సరదా కాదండీ ఇది.

ఇందిరానగర్ రామ్మూర్తి · ఆదివారం సాయంత్రం 5:20

వేణు గారూ, మీ భార్యాభర్తల మాట చదివి మనసు నిండింది. నిజంగా. అయినా లెక్కల దగ్గర నేను మెత్తబడలేను.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2012లో ఇంట్లో కట్టిన విమానాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. సొంత విమానాలు, శిక్షణ విమానాలు లాంటి చిన్న విమానాల్లో ఇవి దాదాపు 10 శాతం. 2011లో ఆ రంగం ప్రమాదాల్లో వీటి వాటా సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. పదో వంతు ఉన్నవి ప్రాణనష్టంలో ఐదో వంతు. డెబ్బై ఏళ్ల అనుభవం, లక్షల సభ్యులు, ఊరూరా సంఘాలు ఉన్న దేశం అది. మన దగ్గర అవేవీ లేవు. పైగా వాళ్లకు మైళ్ల కొద్దీ ఖాళీ పొలాలు.

యలహంక అనూష · ఆదివారం సాయంత్రం 6:10

నేను ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. రామ్మూర్తి తాతగారూ, ఒక్క సంగతి మీతో పంచుకోవాలి.

మన ఊళ్లోనే నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ 1980ల్లో ఎల్‌సీఆర్‌ఏ అనే విమానం కట్టింది. 1987లో ఎగిరింది. దాని డిజైన్ ఎవరిది? కాలిఫోర్నియాలో ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజెడ్. ముందు చిన్న రెక్క, వెనక ఇంజిన్. ఫోమ్ దిమ్మెను వేడి తీగతో కోసి, దాని మీద ఫైబర్ గ్లాస్, ఎపాక్సీ జిగురు పరవడం రుటాన్ పద్ధతి. అచ్చులు అక్కర్లేదు, గ్యారేజీలో చేయొచ్చు. 1993లో అదే ప్రయోగశాల కాంపోజిట్‌తో, అంటే ఫైబర్, జిగురు కలిపిన పదార్థంతో చేసిన శిక్షణ విమానం హంస తొలిసారి ఎగిరింది. 2000లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సర్టిఫికెట్ వచ్చింది. ఒక దేశ ప్రయోగశాల ఇంటివాళ్ల డ్రాయింగులు తీసుకుని చేయి కలపడం చిన్నతనం అనుకోలేదు.

ఇంకొకటి. బెంగళూరులోనే తయారయ్యే రాజ్‌హంస ఎక్స్-ఎయిర్ కిట్లను బ్రిటన్‌లో జనం ఇళ్లల్లో బిగించుకుని ఎగురుతున్నారు. మన చేతిపని మీద వాళ్లకు నమ్మకం ఉంది.

మా కాలేజీలో నాలుగేళ్లలో నేను ఒక్క రివెట్ కొట్టలేదు. స్క్రీన్ మీద వంద రెక్కలు గీశాను. చందు అన్నయ్య షెడ్డు లాంటిది నాకు దొరికి ఉంటే బాగుండేది. నాకు కావాల్సింది సరదా కాదు, చదువు.

కోరమంగళ శైలజ · ఆదివారం రాత్రి 8:00

అనూషా, నీ మాట విన్నాక నా ప్రశ్న కొంచెం మారింది. కట్టినవాడికి ప్రతి రేకు తెలుసు, సరే. మరి అతను అమ్మేశాక?

జాన్ డెన్వర్ అనే ప్రసిద్ధ గాయకుడు 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో లాంగ్-ఈజెడ్ కూలి చనిపోయాడు. అది ఆయన కట్టింది కాదు, అప్పుడే కొన్నది. పెట్రోలు ఏ ట్యాంకు నుంచి రావాలో మార్చే వాల్వును కట్టినవాళ్లు అసలు డిజైన్‌లో ఉన్నచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. దాన్ని తిప్పాలంటే సీట్లో ఒళ్లు తిప్పాలి. అలా తిరుగుతుండగా విమానం అదుపు తప్పిందని విచారణలో తేల్చారు. కట్టినవాడికి ఆ వాల్వు ఎక్కడుందో నిద్రలో కూడా తెలుసు. కొన్నవాడికి తెలియదు.

హిల్స్‌బరో నుంచి వచ్చిన వేణు · ఆదివారం రాత్రి 9:35

శైలజ గారూ, మీరు వేలు పెట్టింది సరిగ్గా నొప్పి ఉన్నచోటే. రామ్మూర్తి గారు చెప్పిన ఆ 2012 అధ్యయనంలోనే ఉంది. 2011లో ప్రమాదాలకు గురైన ఇంటి విమానాల్లో సగానికి పైగా ఇంకొకరి దగ్గర కొన్నవి. అంటే కట్టినవాడి చేతిపని ఒక్కటే లెక్క కాదు. తెలియని విమానంలో కూర్చునే పైలట్ అంతకంటే పెద్ద లెక్క.

2019లో ఇండియా వచ్చేస్తూ నా ఆర్‌వీ-7 అమ్మాల్సి వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. డబ్బు చేతికి వచ్చాక కూడా తాళం ఇవ్వలేదు. కొన్నాయనతో పది గంటలు పక్కన కూర్చుని ఎగిరాను. ఇంజిన్ తగ్గించి స్టాల్, అంటే రెక్క గాలి మీద పట్టు కోల్పోవడం, ఎలా వస్తుందో చూపించాను. ఏ వైరు ఎటు పోతుందో రాసుకున్న నా నోటుపుస్తకాలు నాలుగూ ఇచ్చాను. ఆయన ఇప్పటికీ ఏదైనా శబ్దం వస్తే నాకే ఫోన్ చేస్తాడు. కానీ ఇదంతా చేయమని నాకు ఏ నియమమూ చెప్పలేదు. నా మనసు చెప్పింది. మనసు మీద వదలకూడని పని ఇది. మన దగ్గర నియమం రాస్తే, కొన్నవాడికి ఆ విమానంలోనే శిక్షణ తప్పనిసరి అని మొదటి పేజీలో రాయాలి.

నా తప్పు కూడా చెబుతాను. ఎడమ రెక్కకు వెన్నెముక లాంటి స్పార్‌లో డ్రిల్ జారింది. రంధ్రం పక్కనే ఇంకో రంధ్రం పడి, రెండూ కలిసి 8 అంకెలా అయ్యాయి. రాత్రి పదకొండు. చుట్టూ ఎవరూ లేరు. పెద్ద రివెట్ కొట్టి మూసేస్తే ఎవరికీ కనిపించదు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. లైటు ఆర్పి ఇంట్లోకి వెళ్లాను. మరుసటి రోజు ఊళ్లో కట్టే అనుభవం ఉన్న ఒక పెద్దాయనను పిలిచాను. అక్కడి సంఘం తరఫున ఇలాంటి సలహాదారులు డబ్బు తీసుకోకుండా వచ్చి చూస్తారు. ఆయన టార్చి వేసి చూసి, 'ఈ ముక్క పారేయ్' అన్నాడు. పారేశాను. రామ్మూర్తి గారి మూడోవాడు నాకు ఆయనే. కాకపోతే ఆయనను పిలవకపోయినా నన్ను ఎవరూ అడిగేవాళ్లు కాదు. అక్కడి ప్రభుత్వ తనిఖీ విమానం పూర్తయ్యాక ఒకసారి వస్తుంది. అప్పటికి స్పార్ రేకుల లోపల ఉంటుంది.

ఇందిరానగర్ రామ్మూర్తి · సోమవారం ఉదయం 6:45

వేణు గారూ, మీ 8 అంకె రంధ్రం చదివాక రాత్రంతా ఆలోచించాను. 'పెద్ద రివెట్ కొట్టి మూసేస్తే' అన్న ఆ ఆలోచన ఫ్యాక్టరీలో కూడా వస్తుంది. అక్కడ ఆపేది స్టాంపు. మిమ్మల్ని ఆపింది మీ గుణం. గుణం అందరికీ ఉంటుందని చట్టం రాయలేం.

మొన్న పూర్తిగా వద్దన్నాను. ఆ మాటను సవరించుకుంటున్నాను. బ్రిటన్ పద్ధతి గుర్తొచ్చింది. ఫ్లయింగ్ ఫ్లీ అనుభవం తర్వాత, యుద్ధం ముగిశాక 1946లో అక్కడ అల్ట్రా లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పుట్టింది. ఇప్పుడు దాని పేరు లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. అక్కడ ఇంట్లో కట్టేవాడి పనిని సంఘం ఇన్‌స్పెక్టరు దశలవారీగా చూసి సంతకం పెడతాడు. రెక్క మూసేముందు ఒకసారి, కంట్రోళ్లు బిగించాక ఒకసారి, ఇలా. పర్మిట్ ఇచ్చేది ఆ కాగితాలన్నీ చూశాకే. దెబ్బ తిని నేర్చుకున్న దేశం నిషేధం దగ్గర ఆగిపోలేదు, కన్ను పెట్టింది. ఇది నాకు సమ్మతం.

మన దగ్గరా దారి మూసుకుపోలేదు. ముంబై కాందివలిలో డాబా మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ సంగతి తెలిసిందే. 2016లో జనం ముందు పెట్టాడు, 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే పర్మిట్. ఒక్క మనిషి ఫైలు పట్టుకుని ఇన్నేళ్లు తిరగాల్సిన దారి అది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని కింద నియమాలు రాసేవాళ్లకు నా మాట ఒకటే. ఈ ఊళ్లో నాలాంటి రిటైరైన ఇన్‌స్పెక్టర్లు ఎంతమంది ఖాళీగా ఉన్నారో లెక్క తీయండి. కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. మమ్మల్ని వాడుకోండి.

ఇక శైలజమ్మ ప్రశ్న అలాగే ఉంది. పరీక్షా దశలో ఊరి మీద ఎగరకూడదు. ఇందులో రాజీ లేదు.

కోరమంగళ శైలజ · సోమవారం ఉదయం 8:20

అమెరికాలో ఆ దశలో ఏం చేస్తారు వేణు గారూ?

హిల్స్‌బరో నుంచి వచ్చిన వేణు · సోమవారం ఉదయం 8:50

మామూలుగా మొదటి 25 లేదా 40 గంటలు, ఇంజిన్, ప్రొపెల్లర్‌ను బట్టి. అధికారులు గీసిన ప్రాంతం దాటి వెళ్లకూడదు, జనం ఉన్నచోట ఎగరకూడదు, ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. 2014 నుంచి అనుభవం ఉన్న రెండో పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకునే వీలు కల్పించారు. తొలి గంటల్లోనే ప్రమాదాలు ఎక్కువ కాబట్టి. బెంగళూరు చుట్టూ అలా గీయడం కష్టం. అనంతపురం, చిత్రదుర్గ వైపు పోతే నేల ఉంది.

హిందూపురం చందు · సోమవారం రాత్రి 10:30

అందరిదీ రెండుసార్లు చదివాను. మామగారికి కూడా చదివి వినిపించాను. శైలజ గారి మాట దగ్గర తల ఊపారు, రామ్మూర్తి గారి స్పానర్ దగ్గర నవ్వారు.

మేం నలుగురం కూర్చుని మూడు నిర్ణయాలు తీసుకున్నాం. పూర్తి కిట్‌కి ఇప్పుడే డబ్బు కట్టడం లేదు. ముందు తోక పూర్తి కావాలి, దాన్ని తెలిసినవాళ్లు చూడాలి. రెండు, ఎంచుకునేది ఆర్‌వీ-12 లాంటి తేలికైన రకమే. రెక్కలు ఇద్దరు మనుషులు ఊడదీసి ట్రెయిలర్ మీద పెట్టొచ్చు కాబట్టి ఊరికి దూరంగా తీసుకుపోయి పరీక్షించుకోవచ్చు. మూడు, అనూషకీ ఆమె స్నేహితులకూ షెడ్డు తాళం ఒకటి ఇస్తాం. వాళ్లు వచ్చి పని నేర్చుకోవచ్చు.

ఒక కొత్త చిక్కు కూడా దొరికింది. ఆ రకానికి వాడే రోటాక్స్ 912 ఇంజిన్ మామూలు పెట్రోలుతో నడుస్తుందని సంతోషపడ్డాం. కానీ తయారీదారు ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. మన పంపుల్లో ఇప్పుడు 20 శాతం. గొట్టాలు, సీళ్లు ఏమవుతాయో, గాలిలో ఏమవుతుందో. దీని గురించి వేరే చర్చ పెడతాను. తెలిసినవాళ్లు రండి.

రామ్మూర్తి గారూ, తోకలోని అడ్డ రెక్క లోపల పక్కటెముకల్లాంటి రిబ్బులన్నీ రివెట్ కొట్టాం. పై రేకు వేయడమే మిగిలింది. వచ్చే ఆదివారం మూసేద్దామనుకున్నాం.

ఇందిరానగర్ రామ్మూర్తి · మంగళవారం ఉదయం 6:10

మూయకండి. ఆదివారం తొమ్మిదికల్లా నేను వస్తాను. చిన్న అద్దం, టార్చి, రివెట్ గేజీ నా సంచిలోనే ఉన్నాయి. కొట్టిన తల రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. అంచు నుంచి రంధ్రం మధ్యకు కనీసం రెండు మందాల దూరం. ప్రతి రివెట్ చూస్తాను, సరిగా లేనిది ఎర్ర స్కెచ్‌పెన్నుతో చుట్టేస్తాను. బాధపడకూడదు. అనూషమ్మను కూడా రమ్మను, గేజీ ఆమె చేత పట్టిస్తాను. మీ మామగారికి వీలైతే ఆయన్నీ తీసుకురా.